విండోస్ నుంచి లినక్స్‌కి మారాక పాత హార్డ్ డిస్కులతో ఆరేళ్లు: టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్, డీడీరెస్క్యూ

తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, అప్పుడప్పుడు చిన్న పుస్తకాలు చేస్తుంటాం. 2020 జనవరి 14తో విండోస్ 7కి సపోర్ట్ ఆగిపోయింది. మా పాత కంప్యూటర్లు విండోస్ 10 బరువు మోయలేవని, విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను. కొత్త సిస్టమ్‌కి అలవాటు పడటానికి నెల కూడా పట్టలేదు. ఇబ్బందంతా పాత డిస్కుల్లో ఉండిపోయిన పనితోనే వచ్చింది. ఈ ఆరేళ్లలో నావీ, చుట్టాలవీ, కస్టమర్లవీ కలిపి పద్దెనిమిది డిస్కుల నుంచి ఫైళ్లు తీశాను. అన్నిటికీ ప్రధానంగా వాడింది మూడే టూల్స్: టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్, డీడీరెస్క్యూ. మూడూ ఉచితం, మూడూ ఓపెన్ సోర్స్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ కూడా ముగిసింది కాబట్టి, ఇప్పుడు మారేవాళ్లకి నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి దెబ్బ నా చేతులారా తగిలిందే. షాపు కంప్యూటర్లో 500 జీబీ డిస్క్ ఒక్కటే ఉండేది. అందులో సి, డి, ఇ అని మూడు డ్రైవ్‌లు. ఏళ్ల తరబడి విండోస్ వాడినవాళ్లకి సి వేరు, డి వేరు అనే అలవాటు మనసులో గట్టిగా ఉంటుంది. సి ఫార్మాట్ చేస్తే డి భద్రంగా ఉంటుందని నమ్మకం. మింట్ ఇన్‌స్టాలర్ డిస్క్ చెరిపి ఇన్‌స్టాల్ చేయమంటావా అని అడిగితే, సి గురించే అడుగుతోందనుకుని సరే అన్నాను. దానికి సి, డి అనే లెక్క లేదు, మొత్తం డిస్కే కనిపిస్తుంది. పావుగంటలో మింట్ చక్కగా తెరుచుకుంది. ఏడేళ్ల కస్టమర్ల పని ఉన్న డి డ్రైవ్ మాత్రం లేదు. చేతులు చల్లబడిపోయాయి. అప్పుడు చేసిన ఒకే ఒక్క మంచి పని, వెంటనే ప్లగ్ పీకేయడం. ఆ డిస్క్ మీద సిస్టమ్ నడిచినంతసేపూ పాత ఫైళ్ల మీద కొత్త రాతలు పడుతూనే ఉంటాయి.

మర్నాడు డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైవ్ మింట్ ఎక్కించి, పక్కన ఒక టీబీ బయటి డిస్క్ పెట్టి టెస్ట్‌డిస్క్ నడిపాను. పోయిన పార్టిషన్లని, అంటే డిస్క్‌లో సి, డి లాంటి భాగాల్ని వెతికిపెట్టే టూల్ ఇది, ఫ్రాన్స్‌కి చెందిన క్రిస్టోఫ్ గ్రెనియే రాసింది. మౌస్ ఉండదు, నల్ల తెర మీద బాణం మీటలతో నడపాలి. మొదటిసారి భయం వేస్తుంది. క్విక్ సెర్చ్‌లో కొత్త లినక్స్ పార్టిషన్ ఒక్కటే కనిపించింది. డీపర్ సెర్చ్ పెట్టి మూడు గంటలు కూర్చున్నాను. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఉన్న పాత పార్టిషన్లు ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. డి మీద నిలబడి పీ నొక్కితే నా ఫోల్డర్లన్నీ పేర్లతో సహా కనిపించాయి. ఆ క్షణం ఇంకా గుర్తుంది.

ఇదెలా సాధ్యమైందో తర్వాత తెలుసుకున్నాను. పార్టిషన్ టేబుల్ అంటే పుస్తకం మొదట్లో ఉండే విషయసూచిక లాంటిది. సూచిక చింపేసినా లోపలి పేజీలు ఎక్కడికీ పోవు. పైగా ఎన్‌టీఎఫ్‌ఎస్ తన వివరాలుండే మొదటి సెక్టర్ (బూట్ సెక్టర్) నకలు ఒకటి పార్టిషన్ చివర దాచుకుంటుంది. ఫైళ్ల పేర్లు, చిరునామాలు ఎమ్ఎఫ్‌టీ అనే పట్టికలో ఉంటాయి. అది చాలా డిస్కుల్లో పార్టిషన్ మొదట్లో కాక, దాదాపు 3 జీబీ లోపల మొదలవుతుంది. ఆ పట్టిక బతికి ఉంటే పేర్లు కూడా బతికినట్టే.

అయితే అన్నీ రాలేదు. సి డ్రైవ్ ఉన్న చోటే మింట్ కూర్చుంది కాబట్టి డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవి చాలావరకు పోయాయి. డి లో కూడా అక్కడక్కడా కొన్ని ఫైళ్లకి పేరు ఉంది, తెరిస్తే లోపల చెత్త. లినక్స్ వాడే ఈఎక్స్‌టీ4 తన పట్టికల్ని ఒక్క చోట కాకుండా డిస్క్ అంతటా విడివిడిగా రాసుకుంటుంది. అవి ఏ ఫైలు మీద పడితే ఆ ఫైలుకి గాయం. అయినా డి లో నూటికి తొంభై పైగా బాగానే వచ్చాయి. టెస్ట్‌డిస్క్‌లో రైట్ అనే ఆప్షన్ ఉంటుంది, పాత పార్టిషన్ టేబుల్‌ని డిస్క్ మీద తిరిగి రాసేది అదే. నేను ఇంతవరకు దాన్ని కస్టమర్ డిస్క్ మీద ఒక్కసారి కూడా నొక్కలేదు. ఫైళ్లు ఎంచుకుని వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోవడమే నా పద్ధతి. కాపీకి క్యాపిటల్ సీ నొక్కాలి. చిన్న సీ నొక్కితే కర్సర్ ఉన్న ఒక్క ఫైలే వెళుతుంది. దీని మీద నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను.

ఫొటోరెక్ గురించి ముందే ఒక మాట. అదే గ్రెనియే రాసిందే అయినా ఇది చివరి అస్త్రం. పేరులో ఫొటో ఉన్నా దాదాపు అన్ని రకాల ఫైళ్లూ తీస్తుంది. పేర్లు, ఫోల్డర్లు అసలు చూడదు. జేపెగ్ ఇలా మొదలవుతుంది, పీడీఎఫ్ ఇలా మొదలవుతుంది అని ఆరంభపు గుర్తుల్ని పట్టుకుని డిస్క్ అంతా వెతుకుతుంది. మా బావగారి ల్యాప్‌టాప్‌ని ఎవరో ఫార్మాట్ చేసి మళ్లీ విండోస్ వేసి, నెల రోజులు వాడాక నా దగ్గరికి తెచ్చారు. 320 జీబీ డిస్క్. మేనకోడలి బారసాల నుంచి అయిదో పుట్టినరోజు దాకా ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. టెస్ట్‌డిస్క్‌కి ఏమీ దొరకలేదు. ఫొటోరెక్ 61 వేల ఫైళ్లు తెచ్చి పోసింది. అన్నిటికీ ఎఫ్ అక్షరం, వెనక ఒక పొడవాటి అంకె. అందులో సగానికి పైగా బ్రౌజర్ దాచుకున్న బుల్లి బొమ్మలు, ఐకాన్లు.

వాటిని విడదీయడానికి మూడు ఆదివారాలు పట్టింది. 100 కేబీ కన్నా చిన్న బొమ్మలన్నీ ముందు పక్కన పెట్టాను. కెమెరా ఫొటోల లోపల తీసిన తేదీ ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే ఇంకో ఉచిత టూల్ దాన్ని చదివి తేదీనే ఫైలు పేరుగా పెడుతుంది. అలా చేశాక ఏడాదుల వారీగా వరసలో నిలబడ్డాయి. బారసాల ఫొటోలు వచ్చాయి. వీడియోలు మాత్రం చాలా వాటికి మొదటి కొన్ని సెకన్లే ఆడాయి. పెద్ద ఫైలు డిస్క్ మీద ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్ ఆ ముక్కల్ని సరిగ్గా అతకలేదు. ఇది తెలుసుకోకుండా ఎవరికీ వీడియోల మీద ఆశ పెట్టకండి. ఇంకోటి, మొదలుపెట్టేముందు ఫైల్ ఆప్షన్స్‌లోకి వెళ్లి కావలసిన రకాలే ఉంచండి. నేను అన్నీ వదిలేసినందుకే ఆ 61 వేలు.

ఇక డీడీరెస్క్యూ. మూడింటిలో నాకు ఎక్కువ గౌరవం దీని మీదే. ఆంటోనియో డియాజ్ డియాజ్ రాసిన గ్నూ టూల్ ఇది. ఫైళ్లు వెతకదు, తీయదు. పాడవుతున్న డిస్క్‌ని ఉన్నది ఉన్నట్టుగా ఇమేజ్ ఫైలుగా నకలు తీస్తుంది, అంతే. ఆ అంతే ఎంత విలువైనదో 2022 వేసవిలో తెలిసింది.

మా ఊరి పక్క పల్లెలో భజన మండలి నడిపే మాస్టారు ఒకరున్నారు, రిటైరైన తెలుగు పండితులు. 2008లో ఆయన రోజూ సాయంత్రం షాపుకి వచ్చి, మండలిలో తరతరాలుగా పాడుతున్న కీర్తనలు, తత్వాలు, మంగళహారతులు చెబుతుంటే నేను అను అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టాను. 140 పేజీల పుస్తకం అయింది. ఆయన చేతిరాత పుస్తకం తర్వాత వానకు తడిసి పాడైపోయింది. పద్నాలుగేళ్ల తర్వాత వచ్చి, "అబ్బాయ్, ప్రతులన్నీ అయిపోయినయ్యి. మళ్లీ వేయిద్దాం, నీ దగ్గర ఉంది కదా?" అన్నారు. ఉంది, కానీ అటక మీద 80 జీబీ ఐడీఈ (పాతకాలపు వెడల్పు కేబుల్) డిస్క్‌లో ఉంది.

దాన్ని యూఎస్‌బీ అడాప్టర్‌కి తగిలించాను. ఇలాంటి 3.5 అంగుళాల డిస్కులకి 12 వోల్టుల కరెంటు విడిగా ఇచ్చే అడాప్టరే కావాలి. ల్యాప్‌టాప్ డిస్కులకి యూఎస్‌బీ కరెంటే చాలుతుంది. జంపర్‌ని మాస్టర్ స్థానంలో పెట్టాక డిస్క్ కనిపించింది, కానీ ఫోల్డర్ తెరిచేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే స్మార్ట్ వివరాలు చూద్దామంటే ఆ అడాప్టర్ చూపించలేదు. ఐడీఈ ఉన్న పాత మదర్‌బోర్డుకి నేరుగా పెట్టి చూస్తే పెండింగ్ సెక్టర్లు వందల్లో ఉన్నాయి. అంటే డిస్క్ చదవలేక తంటాలు పడుతోందని. ఇలాంటి డిస్క్ మీద టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ నేరుగా నడపడం చాలా తప్పు. ప్రాణం ఉన్న కాసేపట్లో దాన్ని ఒక్కసారే, పద్ధతిగా చదవాలి.

డీడీరెస్క్యూ చేసేది సరిగ్గా అదే. చెడ్డ చోటు తగిలితే అక్కడే మొండిగా కూర్చోకుండా దాటేసి, ముందు సులభంగా వచ్చేదంతా తెచ్చుకుంటుంది. తర్వాత వెనక్కి వచ్చి చెడ్డ చోట్ల అంచుల్ని గోకుతుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైలులో రాసుకుంటూ పోతుంది. ఆ రెండు రోజుల్లో కరెంటు మూడుసార్లు పోయింది. మళ్లీ అదే కమాండ్ ఇస్తే ఆగిన చోటు నుంచే మొదలైంది. చివరికి 80 జీబీలో 11 ఎంబీ తప్ప అంతా వచ్చింది. మింట్, ఉబుంటుల్లో దీని ప్యాకేజీ పేరు ముందు జీ ఉంటుంది, జీడీడీరెస్క్యూ అని. జీ లేనిది వేరే టూల్. కమాండ్‌లో ముందు పాత డిస్క్, తర్వాత నకలు. ఈ వరస తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి పాతదాని మీద పడుతుంది. అందుకే డిస్క్ సైజూ, సీరియల్ నంబరూ కాగితం మీద రాసుకుని, రెండుసార్లు చూసుకుని ఎంటర్ కొడతాను, ఇప్పటికీ.

ఆ రాని 11 ఎంబీ ఏ ఫైళ్లదో తెలుసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసి, డీడీరెస్క్యూ ఫిల్ మోడ్‌తో రాని చోట్లన్నిటినీ మనకి తెలిసిన ఒక మాటతో నింపాలి. తర్వాత ఆ మాట ఏయే ఫైళ్లలో దొరుకుతుందో వెతికితే గాయపడినవి తేలిపోతాయి. కీర్తనల ఫైలు ఆ జాబితాలో లేదు.

అంతటితో పని అయిపోయిందనుకున్నాను. లిబ్రేఆఫీస్ డ్రా పాత పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుస్తుంది, తెరిచింది కూడా. పేజీ నిండా అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. అను ఫాంట్లు, ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్ వాడుకలోకి రాకముందు పద్ధతివి. ఫైలులో నిజంగా ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లే, ఫాంట్ వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంట్ లేకపోతే తెలుగు లేదు. డేటా అంతా చేతికొచ్చీ చదవలేకపోవడం ఏమిటో అప్పుడు తెలిసింది. పాత డిస్క్ తీసేవాళ్లు సి డ్రైవ్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ కూడా తప్పకుండా తీసి పెట్టుకోవాలి. తెలుగులో పని చేసినవాళ్లకి డాక్యుమెంట్లు ఎంత ముఖ్యమో అదీ అంతే ముఖ్యం. నేను ఇంటర్నెట్ లేకుండా, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ బాక్స్‌లో విండోస్ ఎక్స్‌పీ పెట్టుకుని, మేము కొన్న అను సీడీ, పేజ్‌మేకర్ అందులో వేసుకున్నాను. అక్కడ పుస్తకం 2008లో ఎలా ఉందో అలాగే తెరుచుకుంది.

పనికిరాని చోట్లు కూడా చెప్పాలి. ఎస్ఎస్‌డీలో డిలీట్ చేసినవి సాధారణంగా ఈ మూడింటికీ అందవు. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ అయిన చోటును ఎస్ఎస్‌డీ తానే తుడిచేస్తుంది. ఒక టీచరుగారి థీసిస్ అలా పోయింది, ఏమీ చేయలేకపోయాను. విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఉన్న డిస్క్ లినక్స్‌లో కూడా తెరుచుకుంటుంది కానీ దాని పాస్‌వర్డ్ గానీ 48 అంకెల రికవరీ కీ గానీ ఉండాలి. మారేముందే ఆ కీ కాగితం మీద రాసుకోండి. డిస్క్ లోపలి నుంచి టక్ టక్ అని లెక్కగా చప్పుడు వస్తుంటే నేను ముట్టుకోను, కరెంటు తీసేసి తిరిగి ఇచ్చేస్తాను. అది శుభ్రమైన ల్యాబ్‌లో విప్పి చేయాల్సిన పని. నా దగ్గరికి రాకముందే ఒక డిస్క్‌ని ఒక సర్వీస్ షాపులో ఇస్తే, దొరికిన ఫైళ్లని అదే డిస్క్‌లోకి కాపీ చేసి ఇచ్చారు. వాటి కింద ఇంకా తీయాల్సినవి అణిగిపోయాయి. ఆ ఇంటివాళ్ల ముఖం చూడలేకపోయాను.

డిస్క్‌ని యూఎస్‌బీకి తగిలించే కొన్ని డాక్‌లు డిస్క్ సెక్టర్లని 512 బైట్లుగా కాక 4096గా చూపిస్తాయి, అప్పుడు మంచి డిస్క్ కూడా ఖాళీగా కనిపిస్తుంది. కంగారుపడకుండా వేరే అడాప్టర్‌తో చూడండి.

మాస్టారి పుస్తకాన్ని ఈ మధ్య యూనికోడ్‌లోకి మారుస్తున్నాం, మళ్లీ ఏ ఫాంట్ కోసమూ వెతుక్కోకూడదని. కన్వర్టర్ వత్తుల దగ్గర తప్పులు చేస్తుంది, మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటల్ని కూడా తెలుగనుకుని మార్చేస్తుంది. ప్రింట్ తీసి ఇస్తే ఆయన ఎర్ర పెన్నుతో దిద్ది పంపుతున్నారు. కొన్ని కీర్తనల్లో కన్వర్టర్‌వి కాని తప్పులూ దొరుకుతున్నాయి, 2008లో నేను కొట్టినవే. నిన్నటికి 96వ పేజీ అయింది.