కార్గో విమానంలో కొత్త పైలట్‌కి ఇచ్చే ట్రైనింగ్: కొన్నేళ్లు ఎగిరాక నా సమీక్ష

"మోసేది పెట్టెలే కదా, ట్రైనింగ్ తేలిగ్గానే ఉంటుందిలే" అని చాలామంది అంటుంటారు. అమెరికాలో ఒక కార్గో సంస్థలో 747 ఫ్రైటర్ మీద ఫస్ట్ ఆఫీసర్‌గా కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఆ మాటలో పస లేదు. ట్రైనింగ్ విషయంలో ప్రయాణికుల్ని ఎక్కించుకునే పెద్ద సంస్థలకున్న పార్ట్ 121 (అమెరికా విమానయాన నియమాల్లో ఒక భాగం) రూల్సే మాకూ. చేరాలంటే ఏటీపీ (ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సు) ఉండాలి, దానికి మామూలుగా 1500 గంటలు ఎగిరి ఉండాలి. క్లాసులో కూర్చున్న రోజు నుంచి చెక్‌రైడ్ (చివరి పరీక్ష) దాకా రెండు మూడు నెలలు పడుతుంది.

మొదటి దశ ఇండాక్, అంటే కంపెనీ పరిచయ తరగతులు. మాన్యువల్స్, కంపెనీ పద్ధతులు, ప్రమాదకర సరుకుల నియమాలు, యూనిఫాం కొలతలు. ఒకే క్లాసులో చేరినవాళ్లకు చాలా చోట్ల వయసును బట్టి సీనియారిటీ నంబరు ఇస్తారు. పక్కవాడి పుట్టిన తేదీ మీద అందరికీ అంత ఆసక్తి ఎందుకో అప్పుడర్థమవుతుంది. బేస్, సెలవులు, కెప్టెన్ అప్‌గ్రేడ్ అన్నీ ఆ నంబరు మీదే నడుస్తాయి.

సిస్టమ్స్ చదువు దాదాపు అంతా కంప్యూటర్ పాఠాలే. మొత్తం ట్రైనింగ్‌లో నాకు నచ్చనిది ఇదే. హైడ్రాలిక్స్ గురించి గొంతులో జీవం లేని ఒకాయన గంటలకొద్దీ చెబుతుంటే, నెక్స్ట్ బటన్ నొక్కుతూ పోవడం తప్ప బుర్రకెక్కేది తక్కువ. అసలు చదువు హోటల్ గదిలో జరిగింది. కాక్‌పిట్ పోస్టర్ గోడకి అంటించి, రెండు కుర్చీలు వేసుకుని, సిమ్ (సిమ్యులేటర్) పార్టనర్, నేను స్విచ్‌ల బొమ్మల మీద వేళ్లు పెడుతూ ఫ్లోలు (స్విచ్‌లు వేసే వరుస), కాలౌట్లు (పైకి చెప్పాల్సిన మాటలు) వల్లించేవాళ్లం. గది ఊడ్చడానికి వచ్చినావిడ మా వాలకం చూసి తలుపు మళ్లీ మెల్లగా వేసేసి వెళ్లింది. మంచి పార్టనర్ దొరకడం సగం అదృష్టం.

సిమ్యులేటర్ రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది, కొత్తవాళ్లకి అర్ధరాత్రి స్లాట్ తప్పదు. బ్రీఫింగ్ కాక లోపల నాలుగు గంటలు. నాలుగు ఇంజన్లున్న విమానంలో ఒకటి ఆగితే మరీ టెన్షన్ ఉండదు. ఒకే వైపు రెండూ ఆపి అప్రోచ్ చేయించినప్పుడు మాత్రం విమానం ముక్కుని పక్కకి తిప్పే రడ్డర్ పెడల్ మీద కాలు వణుకుతుంది. ఇన్‌స్ట్రక్టర్లు మాత్రం ఉద్దండులు, అక్కడ వంక పెట్టడానికి లేదు.

కార్గోకే ప్రత్యేకమైన పాఠాల్లో మొదటిది మంట. మా విమానం మెయిన్ డెక్‌లో (ప్రధాన సరుకు అంతస్తు) మంటనార్పే వ్యవస్థ లేదు. గాలి సరఫరా తగ్గించి, ప్రెజరైజేషన్ వదిలేసి, 25,000 అడుగుల దగ్గర ఆక్సిజన్ అందకుండా చేసి అణచాలి, వెంటనే దిగే చోటు చూసుకోవాలి. సిమ్‌లో పొగ వదిలి, మొహం నిండా మాస్క్ పెట్టుకోమంటారు. ఇంటర్‌కమ్‌లో ఇద్దరి ఊపిరి చప్పుడే, కెప్టెన్ మాట సగం వినబడదు. 2010 సెప్టెంబరు 3న దుబాయ్ నుంచి బయలుదేరిన యూపీఎస్ 6 అనే కార్గో విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకు అంటుకుంది. కెప్టెన్‌కి ఆక్సిజన్ ఆగిపోయింది, ఫస్ట్ ఆఫీసర్ ఒంటరిగా పొగలో నడపాల్సి వచ్చింది. ఇద్దరూ చనిపోయారు. ఆ కేసు చెప్పిన పూట క్లాసులో ఎవరూ ఫోన్ తీయలేదు.

రెండోది లోడు. 2013 ఏప్రిల్‌లో అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్‌లో నేషనల్ ఎయిర్‌లైన్స్ 747లో సైనిక వాహనం కట్లు తెంచుకుని వెనక్కి దొర్లి, హైడ్రాలిక్స్‌నీ, తోకలోని స్టెబిలైజర్‌ని కదిలించే జాక్‌స్క్రూనీ దెబ్బతీసింది. ఏడుగురు పోయారు. సరుకు సర్ది కట్టించేది లోడ్‌మాస్టరే అయినా, షీటు మీద సంతకం పెట్టే ముందు ఏం చూడాలో మాకూ నేర్పుతారు. నన్నడిగితే దీనికి ఇంకో పూట ఇవ్వాల్సింది.

ఎవరూ సరిగ్గా నేర్పనిది నిద్ర. 2014 జనవరిలో అమల్లోకి వచ్చిన కొత్త విశ్రాంతి నియమాల నుంచి కార్గోని మినహాయించారు. అంతకు ముందు ఆగస్టులోనే అలబామాలోని బర్మింగ్‌హామ్ దగ్గర తెల్లవారుజామున యూపీఎస్ 1354 అనే కార్గో విమానం కూలింది. దోహదపడిన కారణాల్లో అలసటనూ ఎన్‌టీఎస్‌బీ (అమెరికా ప్రమాదాల దర్యాప్తు సంస్థ) చేర్చింది. మాకు దీనిమీద ఇచ్చింది కొన్ని స్లైడ్లు. మందపాటి కర్టెన్లు, చెవుల్లో ఇయర్‌ప్లగ్స్, హోటల్ రిసెప్షన్‌లో "గది ఊడ్చొద్దు" అని గట్టిగా చెప్పడం, ఇవన్నీ సీనియర్లు కాఫీ దగ్గర చెప్పినవే. లాభం ఒక్కటే: డ్యూటీ దిగేసరికి గుంటూరులో పగలు, అమ్మతో మాట్లాడడానికి టైం చూసుకోనక్కర్లేదు.

చెక్‌రైడ్ పాసయ్యాక చెక్ ఎయిర్‌మన్ (కొత్తవాళ్లని పరీక్షించే సీనియర్ పైలట్) పక్కన కూర్చుని లైన్ మీద, అంటే నిజమైన సరుకు ట్రిప్పుల్లో, ఎగరాలి. మా సంస్థలో సిమ్‌కీ దీనికీ మధ్య గ్యాప్ ఎక్కువ, నేర్చుకున్న చేయి మొద్దుబారింది. చెక్‌రైడ్ అయిన 120 రోజుల్లో ఈ ఎగరడంతో కలిపి 100 గంటలు పూర్తి చేయాలి. దూర ప్రయాణాల్లో గంటలు ఇట్టే నిండుతాయి. ల్యాండింగులే దొరకవు. నలుగురు పైలట్లున్న ట్రిప్‌లో చక్రాలు నేలకి తాకించే అవకాశం ఒక్కరికే. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు లేకపోతే మళ్లీ సిమ్‌కి వెళ్లాల్సిందే. అందుకే ఇంటర్వ్యూలో జీతం గురించి అడిగే ముందు, కొత్త ఫస్ట్ ఆఫీసర్‌కి నెలకెన్ని ల్యాండింగులు వస్తాయో అడగండి. నీళ్లు నమిలారంటే, మొదటి ఏడాది సిమ్‌కి తరచూ తిరగడానికి సిద్ధపడే చేరండి.