పాప్ రివెటా, స్ట్రక్చరల్ రివెటా, నట్టు బోల్టా: లారీ బాడీకి ఏది మేలు?

విజయవాడ ఆటోనగర్‌లో కంటైనర్ బాడీలు కట్టే షెడ్డు ముందు కాసేపు నిలబడండి. వెల్డింగ్ చిటపటల మధ్య ఉండుండి ‘ఠక్’మని ఒక చప్పుడు వస్తుంది. రివెట్ గన్ పిన్నును లాగి తెంపే చప్పుడది. ఆ పిన్ను ఎక్కడ తెగింది, తెగాక మిగిలిన ముక్క ఎక్కడుంది అన్న దాంట్లోనే ఉంది కిటుకంతా. రివెట్ ఏ లోహంతో చేశారన్నది ఆ తర్వాతి సంగతి.

రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన నాటి రోజుల్లో రివెట్ అంటే నిండు కడ్డీ. ఎర్రగా కాల్చి కన్నంలో దూర్చి, ఒకరు ఇటు అదిమి పట్టుకుంటే ఇంకొకరు అటు నుంచి తల సాగగొట్టేవారు. చల్లారాక అది కుంచించుకుని ప్లేట్లను బిగించేది. బాగానే ఉంది గానీ, రెండు వైపులా మనిషి ఉండాలి. లారీ బాడీ పిల్లర్ మూసి ఉన్న బాక్స్ పైపు. అందులోకి చెయ్యే పట్టదు. ఒక్క వైపు నుంచే పని ముగించాలి కాబట్టి బ్లైండ్ రివెట్ తప్పదు. పాప్, స్ట్రక్చరల్ రెండూ ఆ కోవవే.

మామూలు పాప్ రివెట్‌లో ఒక గొట్టం, దాని మధ్య ఒక స్టీలు పిన్ను ఉంటాయి. గన్ పిన్నును లాగితే అవతలి కొసన ఉన్న పిన్ను తల గొట్టాన్ని ఉబ్బిస్తుంది, రేకులు దగ్గరవుతాయి, పిన్ను తెగుతుంది. ఇందులో తెగే గాటు పిన్ను తలకు దగ్గరగా ఉంటుంది. అంటే పిన్ను లోతులో తెగుతుంది. రేకులు కలిసే చోట మిగిలేది బోలు గొట్టమే. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి జారబోతే కత్తెరలా కోసే బలం సరిగ్గా అక్కడే పడుతుంది. దాన్నే షియర్ అంటారు.

చిన్న లెక్క వేద్దాం. 6.4 మి.మీ. రివెట్ అడ్డుకోత వైశాల్యం దాదాపు 32 చదరపు మి.మీ. పిన్ను 3.8 మి.మీ. ఉందనుకుంటే దాని వాటా సుమారు 11. అది లేకపోతే మూడో వంతు పోయినట్టే. పైగా గొట్టం అల్యూమినియం, పిన్ను స్టీలు అయితే, పోయింది గట్టి భాగం, మిగిలింది మెత్తది.

స్ట్రక్చరల్ రివెట్ చేసేది ఈ లోటును పూడ్చడమే. ఇందులో పిన్ను ఇవతలి తల దగ్గర, దాదాపు సమంగా తెగుతుంది. తెగాక జారిపోకుండా గొట్టంలో లాక్ అవుతుంది. మోనోబోల్ట్ రకంలో గన్ ముక్కు రివెట్ తల లోహాన్ని పిన్ను గాడిలోకి నొక్కేస్తుంది. దానికి ప్రత్యేకమైన ముక్కు కావాలి. మాగ్నా-లాక్ రకంలో లాక్ లోపలే పడుతుంది. ఏ రకమైనా చివరికి గొట్టం, పిన్ను కలిసి ఒకే నిండు కడ్డీలా షియర్‌ను మోస్తాయి. ఇంకో లాభం, గొట్టం ఉబ్బి కన్నాన్ని నింపేస్తుంది కాబట్టి రేకులు కదలడానికి సందు ఉండదు, నీళ్లు దిగడమూ తగ్గుతుంది.

నాకు ఈ తేడా ఒక చప్పుడుతో తెలిసింది. మామూలు రివెట్లు వేసిన ఒక బాడీ కొన్ని నెలలకే డోరు పిల్లర్‌లో గలగలమనడం మొదలుపెట్టింది. ఫిట్టర్ లోపల నట్టు మరిచిపోయాడని ఓనరు గొడవ. తీరా చూస్తే పైపు అడుగున తెగిన పిన్ను తలలు గుప్పెడు.

మరి నట్టు బోల్టు? దాని బలం బిగింపులో ఉంది. 6 మి.మీ. బోల్టుకు మామూలుగా 6.6 మి.మీ. కన్నం వేస్తారు, ఆ సందును మూసేది ఏదీ లేదు. బిగింపు వల్ల పుట్టే రాపిడే రేకులను ఆపాలి. అడ్డంగా ఊగే కుదుపులకు రేకు ఒకసారి జారడం మొదలైతే నట్టు దానంతటదే వదులవుతుంది. గెర్హార్డ్ జుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో దీన్ని ప్రయోగం చేసి చూపించాడు. లోపల నైలాన్ రింగు ఉన్న నైలాక్ నట్టు ఊడి పడకుండా ఆపుతుంది గానీ, బిగింపు మొత్తాన్ని కాపాడుతుందని నమ్మకండి. రివెట్‌కు మరలే లేవు, నట్టులా తిరిగి వదులయ్యే దారీ లేదు. అయినా బాడీని చాసిస్‌కు కట్టే చోట యు-బోల్టులే మేలు. అక్కడ పెద్ద బిగింపు కావాలి, మళ్లీ విప్పాల్సిన అవసరమూ వస్తుంది. ఇక వెల్డింగ్ అంటారా, జీఐ పైపు మీద జింకు కాలిపోయి అక్కడే తుప్పు మొదలవుతుంది. అల్యూమినియం రేకును స్టీలు పిల్లర్‌కు మామూలు వెల్డింగ్‌తో అతికించలేం.

నా లెక్క ఇది. పక్క రేకులకు, రూఫ్ బీడింగ్‌కు మామూలు 4.8 మి.మీ. పాప్ రివెట్ చాలు. బరువు చాలా రివెట్ల మీద పంచుకుపోతుంది, అక్కడ ఖరీదైనవి వేయడం దండగ. మూల పిల్లర్లు, పిల్లర్ అడుగు బ్రాకెట్లు, డోరు కబ్జాలు, ఇవన్నీ స్ట్రక్చరల్‌కే వదలండి. కబ్జాకు మామూలు రివెట్ వేసి డబ్బు మిగిలిందనుకునే మేస్త్రీలతో నేను వాదించడం మానేశాను.

కొనేటప్పుడు గన్ సంగతి కూడా చూసుకోవాలి. 6.4 స్టీలు స్ట్రక్చరల్ రివెట్‌ను చేతి ప్లయర్‌తో లాగుతాననుకుంటే మణికట్టు పోతుంది. గాలితో నడిచే హైడ్రాలిక్ గన్ గానీ, మంచి బ్యాటరీ గన్ గానీ కావాలి. రేకుల మొత్తం మందం రివెట్‌కు చెప్పిన హద్దులోనే ఉండాలి. ఒకే సైజు రివెట్ 2 నుంచి 9 మి.మీ. దాకా పట్టే రకాలున్నాయి. వేశాక తల చూడండి. పిన్ను సమంగా ఉంటే సరే. బాగా పైకి పొడుచుకొచ్చినా, లోపలికి దిగినా మందం తప్పినట్టు, తీసి మళ్లీ వేయాలి.

తీయడమే కష్టం. మామూలు రివెట్ తలను డ్రిల్లు పెట్టి నిమిషంలో లేపేయొచ్చు. స్ట్రక్చరల్ రివెట్‌లో మధ్యలో లాకైన స్టీలు పిన్ను ఉంటుంది, బిట్టు దాని మీద నిలవక పక్కకు జారి రేకును గీరుతుంది. యాక్సిడెంట్ అయిన బాడీ విప్పే రోజున మెకానిక్ తిట్లు రోడ్డు దాకా వినిపిస్తే, లాక్ సరిగ్గా పడిందనుకోండి.