తిరుపతిలో ఐక్యూ టెస్ట్ + కెరీర్ కౌన్సెలింగ్: టెస్ట్ ఓకే, ఆ చార్ట్ మాత్రం వద్దు (5కి 2.5)

బాలాజీ కాలనీలో ఈమధ్య పెట్టిన కెరీర్ గైడెన్స్ సెంటర్ గురించి రాస్తుండా, పేరు రాయను, పిల్లోళ్ళు టెన్త్ అయినోళ్ళకి అర్థమైపోతాదిలే. మా అక్క కొడుకుని తీసుకుపోయినాం. ఇంట్లో నెలరోజులుగా పంచాయితీ, బావకి బైపీసీ చదివించి డాక్టర్ చెయ్యాల, అక్కకి ఇంజనీర్ అయినా చాలు, వానికేమో దామలచెరువులో బావ మామిడికాయల మండీ ఉంది కదా ఆ లెక్కలంటే పిచ్చి, ఎంఈసీ (లెక్కలు, ఎకనామిక్స్, కామర్స్) తీసుకుంటానంటాడు. ఐక్యూ టెస్ట్ చేయిస్తే తేలిపోతాదని ఎవరో చెప్పినారంట. నేను శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో పనిచేస్తా, ఉద్యోగాలకి వచ్చేవాళ్ళకి ఇట్లాంటి టెస్టులు పెట్టేది మేమే కాబట్టి నన్నూ తోడు రమ్మన్నారు.

ముందు బాగున్నది చెప్తా. టెస్ట్ పెట్టిన మేడమ్ సైకాలజీ చదువుకున్నామె, పని చానా పద్ధతిగా చేసింది. పిల్లోడు పొద్దున తిన్నాడా, రాత్రి నిద్రపోయినాడా అని అడిగి, మమ్మల్ని బయట కూర్చోబెట్టి తలుపేసుకుంది, అట్లే చెయ్యాల కూడా. పెట్టింది వెక్స్‌లర్ అనే ఐక్యూ టెస్ట్. పిల్లలకోసం దీన్ని అమెరికాలో 1949లో తెచ్చినారు, తర్వాత చానా సార్లు మార్చినారు. ఎరుపు తెలుపు దిమ్మెలు ఇచ్చి బొమ్మలో ఉన్నట్టు పేర్చమని స్టాప్‌వాచ్ నొక్కిందంట, అంకెలు చదివి వెనక నుంచి చెప్పమనిందంట. ఆ అంకెల్లో మావాడు దుమ్ము లేపినాడు, క్రేట్ల లెక్కా కమిషనూ నోటితో వేసేటోనికి అదొక లెక్కా.

రిజల్ట్ 108. అక్క వెంటనే "ఎంతకి 108 మేడమ్?" అనడిగింది, బావ "అంబులెన్స్ నంబర్ వచ్చిందే" అని నవ్వినాడు. మేడమ్ ఓపిగ్గా చెప్పింది, ఇది మార్కులు కాదు, ఆ వయసు పిల్లల సగటుని 100 అని పెట్టుకుంటారు, మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్యలోనే ఉంటారు, 108 అంటే వందలో 70 మంది కంటే పైన అని. ఇంకో మాట కూడా చెప్పింది, ఒక్క అంకె పట్టుకోవద్దండీ, 103 నుంచి 113 లోపల అని చదువుకోండి అని. ఇంతవరకు ఫుల్ మార్కులు.

పక్క రూములో కౌన్సెలర్ సార్ దగ్గరికి పోయినాక మొదలైంది కథ. లామినేషన్ చేసిన చార్ట్ ఒకటి టేబుల్ మీద పెట్టినాడు. 120 దాటితే డాక్టర్, ఐఏఎస్. 110 నుంచి 120 ఇంజనీర్. 100 నుంచి 110 కామర్స్, క్లర్క్, టీచర్. దాని కింద "ఫీల్డ్ జాబ్స్" అంట, ఏం ఫీల్డో దేవునికే తెలియాల. మావాడు చార్ట్ చూసి మెల్లగా "మామా, రెండు తక్కువయ్యి ఇంజనీరింగ్ పోయిందా?" అన్నాడు. ఏం చెప్పాలబ్బా వానికి, వాడు అడగని ఇంజనీరింగ్ కూడా పోయినట్టు మొహం పెట్టినాడు. పక్కరూము మేడమ్ 113 దాకా ఉండొచ్చు అన్నది ఇప్పుడే కదా, 110 దగ్గర గీత గీసి ఇటుపక్క క్లర్కు అటుపక్క ఇంజనీరు అంటే ఆమె చేసిన పనంతా నీళ్ళపాలే.

ఐక్యూకీ ఉద్యోగానికీ సంబంధమే లేదని కొట్టిపారేసే రకం కాదు నేను, ఉంది. ముఖ్యంగా కొత్తపని ఎంత తొందరగా నేర్చుకుంటారనేదాంట్లో, పని ఎంత చిక్కుగా ఉంటే అంత జాస్తిగా కనపడతాది. కాకపోతే ఎంత అనేదే ప్రశ్న. సంబంధం అస్సలు లేకపోతే సున్నా, పూర్తిగా ఉంటే 1 అనుకోండి, 1998లో ష్మిట్, హంటర్ అని ఇద్దరు 85 ఏళ్ళ పరిశోధనలు కలిపి 0.51 అని తేల్చినారు, మా హెచ్ఆర్ ట్రైనింగుల్లో ఇప్పటికీ అదే చెప్తారు. 2022లో శాకెట్ అనే ఆయన టీమ్ ఆ లెక్కలు తిరగేసి అంత లేదు, 0.31 అనింది. అంటే ఒకే ఉద్యోగంలో ఉన్నోళ్ళ పనితనంలో కనపడే తేడాల్లో పదో వంతు మాత్రమే దీనికి అంటగట్టొచ్చు. ఉద్యోగానికి మనిషిని ఎంచుకునే పద్ధతులన్నీ పోల్చిన వాళ్ళ లిస్టులో పైన నిలబడింది అందరికీ ఒకే ప్రశ్నలు అడిగి ఒకే పద్ధతిలో మార్కులేసే ఇంటర్వ్యూ, 0.42. మా ప్లాంట్‌లో చూసేదీ అదే, రీజనింగ్ పేపర్లో ఫస్టొచ్చినోడు నైట్ షిఫ్ట్ అనంగానే మాయమైపోతాడు, నడుమ మార్కులోడు నిలబడి లైన్ సూపర్‌వైజర్ అయిపోతాడు.

ఇంకా విడ్డూరం ఏందంటే, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం తన మనుషులకి పెట్టిన ఐక్యూ లాంటి టెస్ట్ స్కోర్లని, వాళ్ళు అంతకుముందు చేసిన పనుల వారీగా 1945లో అచ్చేసినారు. అందులో అన్నిటికంటే పైన ఉన్న సగటు ఎవరిదో తెలుసా, అకౌంటెంట్లది, 128. లాయర్లూ ఇంజనీర్లూ వాళ్ళ కిందే. మన సార్ చార్ట్‌లో కామర్స్ ఏమో మూడో మెట్టు! లారీ డ్రైవర్ల సగటు 96, కానీ వాళ్ళలోనే 149 దాకా తెచ్చుకున్నోళ్ళు ఉన్నారు. సగటు చూపించి నువ్వు ఇది, నువ్వు అది అనడానికి లేదు. డాక్టర్ల సగటు పైన ఉంటాదంటే మధ్యలో నీట్ లాంటి పరీక్ష పెట్టి జల్లెడ పడతారు కాబట్టి, ఆ జల్లెడ దాటినోళ్ళలో మళ్ళీ ఎవరు మంచి డాక్టరో ఆ నంబర్ పెద్దగా చెప్పదు. అమెరికాలో న్యూ లండన్ అనే ఊర్లో అయితే పోలీసు ఉద్యోగానికి ఒకాయనకి ఇట్లాంటి టెస్ట్‌లోనే స్కోర్ ఎక్కువొచ్చిందని తీసుకోలేదు, తొందరగా విసుగొచ్చి మానేస్తాడని. కోర్టుకి పోతే 2000లో అదీ తప్పు కాదన్నారు. సార్ చార్ట్‌లో ఈయన్ని ఏ గడిలో వేస్తారో.

ఇది నేను రవ్వంత చెప్పబోతే సార్ టాపిక్ మార్చి ఇంకో ప్యాకేజీ తీసినాడు. పది వేళ్ళ ముద్రలు స్కాన్ చేసి పుట్టుకతో వచ్చిన తెలివి ఏంటో చెప్తారంట, డీఎంఐటీ అంట, ఐక్యూ టెస్ట్‌కి రెండింతల రేటు. ఇది మాత్రం దయచేసి చేయించొద్దు. వేలిముద్రలతో తెలివి కొలవడానికి సైన్స్ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ వాళ్ళే ప్రకటన ఇచ్చినారు. అక్క పర్సు తీస్తుంటే నేనే పట్టుకున్నా.

అసలు ఈ టెస్టు మొదలైందే వేరే పనికి. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ అని ఇద్దరు, బడిలో ఎవరికి జాస్తి సాయం కావాల అని కనుక్కోవడానికి చేసినారు. ఇప్పటికీ పిల్లోనికి చదవడంలో, లెక్కల్లో ఇబ్బంది ఉంటే ఆ మేడమ్ దగ్గరికి ధైర్యంగా తీసుకుపోవచ్చు, ఆమె రిపోర్ట్‌లో భాగాల వారీగా రాస్తాది, స్కూల్‌కి చూపిస్తే పనికొస్తాది. గ్రూప్ ఏది తీసుకోవాలని మాత్రం ఆడ అడగద్దు.

మావాడు ఎంఈసీలో చేరినాడు, బావ ఇంకా మూతి ముడుచుకునే ఉండాడు.

పోయేవాళ్ళకి: టెస్ట్ ఒక్కటే కావాలని ఫోన్‌లోనే గట్టిగా చెప్పండి, లేకుంటే కాంబో బిల్లు వేసేస్తారు. రిపోర్ట్ కాగితం అడిగి తీసుకోండి, మాకు వాట్సాప్‌లో ఫోటో పంపి సరిపెట్టబోయినారు. పొద్దున స్లాట్ తీసుకోండి, సాయంత్రమైతే కింద ట్యూషన్ పిల్లోళ్ళ గోల. బండి పెట్టడానికి చోటు లేదు.

మేడమ్‌కి 4.5, సార్‌కి అర.