మతిస్థిమితం లేని ముద్దాయికి ఉచిత లాయరు: జిల్లా న్యాయ సేవాధికార సంస్థ సేవ ఎంతవరకు అక్కరకొస్తుంది?

మానసిక జబ్బున్న మనిషి హత్య కేసులోనో హత్యాయత్నం కేసులోనో అరెస్టయితే ఇంట్లోవాళ్లు ముందు చేసే పని పొలమో ఇల్లో తాకట్టు పెట్టి లాయరును వెతుక్కోవడం. ఆ తాకట్టుకు ముందు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు ఒకసారి వెళ్లండి. మా అంచనా ముందే చెప్పేస్తాం. బెయిలుకూ విచారణకూ ఈ సేవ నమ్మదగ్గది. జబ్బును రుజువు చేసే కాగితాలు పోగు చేయడంలో బలహీనం, ఆ పని ఇంటివాళ్లే చేసుకోవాలి. తీర్పు తర్వాతి దశలో మాత్రం వెంటపడితే తప్ప కదలదు.

అర్హత గురించి చాలామందికి అపోహ ఉంది. తెల్ల రేషన్ కార్డు లేదు కాబట్టి మాకు రాదనుకుంటారు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. మానసిక వైద్యశాలలో ఉంచినా అది కస్టడీ కిందికే వస్తుందని అదే సెక్షన్ చెబుతోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కి, ఈ హక్కు ఉందని రోగికి చెప్పడం పోలీసు అధికారి, మెజిస్ట్రేటు, జైలు అధికారి, వైద్యాధికారి బాధ్యత అంది. వాళ్లు చెప్పకపోతే మీరే అడగండి. తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. దాంట్లో క్రైమ్ నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, రిమాండు తేదీ, ఏ జైల్లో ఉన్నాడన్నదీ ఉండాలి. జైలు సూపరింటెండెంటు ద్వారానూ పంపొచ్చు. ఆఫీసుకు వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చేయొచ్చు.

2022 నుంచి లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి వచ్చాక నాణ్యత పెరిగిందన్నది మా గట్టి అభిప్రాయం. అంతకుముందు ప్యానెల్ లాయర్లు (సంస్థ జాబితాలోని ప్రైవేటు లాయర్లు) తమ సొంత కేసుల మధ్య వీటిని చూసేవారు. ఇప్పుడు చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ కౌన్సిళ్లు (లాయర్లు) పూర్తికాలం ఇదే పనిలో ఉంటారు, ప్రైవేటు కేసులు పట్టకూడదు. సెషన్స్ కేసుకు డిప్యూటీనో చీఫో వచ్చేలా అడగండి. ఎవరైనా డబ్బు అడిగితే సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి. కార్యదర్శి న్యాయాధికారే. లాయరుతో పొసగకపోతే మార్చమని కోరవచ్చు, కానీ సాక్షుల విచారణ మధ్యలో మారిస్తే నష్టం ముద్దాయికే.

ఇక అసలు విషయం. చట్టం అడిగే ప్రశ్నలు రెండు. ఇప్పుడు ఈ మనిషి తన కేసు తాను చెప్పుకోగల స్థితిలో ఉన్నాడా అన్నది మొదటిది. ఘటన జరిగిన ఆ నిమిషంలో తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నది రెండోది. మొదటిది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, పాత సీఆర్‌పీసీ)లో 367, 368 సెక్షన్ల వ్యవహారం. రెండోది భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, పాత ఐపీసీలో 84. ఘటన 2024 జూలై 1కి ముందుదైతే ఇప్పటికీ 84 కిందే నడుస్తుంది. ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్లే ఎక్కువ కేసులు చెడుతున్నాయి. ఘటన జరిగిన ఎనిమిది నెలలకు డాక్టరు చూసి ‘ప్రస్తుతం మామూలుగా ఉన్నాడు’ అని రాస్తే అది మొదటి ప్రశ్నకు జవాబు మాత్రమే. ఆ కాగితాన్నే పట్టుకుని అప్పుడూ మామూలుగానే ఉన్నాడని వాదిస్తారు. మందులు పడితే మనిషి తేరుకుంటాడు, తేరుకోవడం అతని మీద సాక్ష్యం కాకూడదు. మీ లాయరు మొదటి భేటీలోనే ఈ తేడాను తనంతట తానుగా ఎత్తితే సరైన చేతుల్లో పడ్డారన్నమాట.

రెండో ప్రశ్నకు ప్రాణం జబ్బు కాగితాల ఫైలు. ఆ నిమిషంలో మతిస్థిమితం లేదని రుజువు చేసే భారం ముద్దాయి మీదే ఉంది (భారతీయ సాక్ష్య అధినియమం 108, పాత చట్టంలో 105). అయితే నేరాన్ని అనుమానానికి తావు లేనంతగా రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషనే. ముద్దాయి తన వాదనే ఎక్కువ సంభవమని చూపిస్తే చాలునని సుప్రీంకోర్టు 1964లో దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో తేల్చింది. ఘటనకు ముందు, ఆ సమయంలో, ఆ తర్వాత మనిషి ఎలా ఉన్నాడో చూసి ఆ నిమిషం స్థితిని అంచనా వేయాలన్నదీ ఆ తీర్పే. కాబట్టి ఫైలు కూడా ఆ మూడు కాలాలకూ సాక్ష్యం చెప్పాలి.

ముందటి కాలానికి ఓపీ చీట్లు. నలిగిపోయిన ఒక ఓపీ చీటీని దగ్గరగా చూడండి. పైన రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ, మధ్యలో డాక్టరు గిలికిన రెండు మూడు లైన్లు, ఎక్కడో ఓ మూల ‘ఎఫ్20’ అనో ‘ఎఫ్31’ అనో ఉంటుంది. ఎఫ్20 అంటే స్కిజోఫ్రీనియా, ఎఫ్31 అంటే బైపోలార్. ఆ రెండంకెల కోడ్ ఏళ్ల తరబడి చీట్ల మీద వరసగా కనబడితే, ‘కేసు కోసం పుట్టించిన జబ్బు’ అన్న వాదనకు బలం తగ్గుతుంది. మందుల పేర్లు కూడా చెబుతాయి. ఒలాంజపిన్, రిస్పెరిడోన్, క్లోజపిన్ వంటివి నెలల తరబడి రాశారంటే అది మామూలు నిద్రలేమి కాదని కోర్టుకు వివరించడం తేలిక. చీటీ పోయినా రిజిస్ట్రేషన్ నంబరు దొరికితే ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాల వంటి ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి కేస్ షీటు తెప్పించమని కోర్టులో పిటిషన్ వేయొచ్చు. 2017 చట్టం 25వ సెక్షన్ రోగికి తన వైద్య రికార్డులు పొందే హక్కునిచ్చింది. ప్రైవేటు డాక్టరు దగ్గర చూపించుకుని ఉంటే తొందరపడాలి. వైద్య వృత్తి నియమావళి ప్రకారం డాక్టర్లు ఇన్‌పేషెంట్ రికార్డులను 3 ఏళ్లే ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు దాటాక లేవంటే చేయగలిగింది తక్కువ.

చీట్లే లేని కుటుంబాలు బోలెడు. ముందు దర్గాకో గుడికో తీసుకెళ్లి, తర్వాత ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఇంజక్షన్లు వేయించి, పెద్దాస్పత్రికి రాకముందే ఘోరం జరిగిపోతుంది. అలాంటప్పుడు ఆ ఆర్ఎంపీ, పక్కింటివాళ్లు, అతన్ని కట్టేసి ఉంచితే చూసినవాళ్లు, పనిలోంచి తీసేసిన యజమాని సాక్షులవుతారు. సదరం సర్టిఫికెట్ ఉంటే అదీ జతచేయాలి. అది వైకల్యం శాతం చెబుతుందే గాని ఆ రోజు మనఃస్థితిని చెప్పదు, దాని మీదే ఆధారపడొద్దు.

ఘటన సమయానికీ వెంటనే తర్వాతకూ కావలసిన సాక్ష్యం పోలీసుల చేతిలోనే పుడుతుంది. అరెస్టయిన మనిషిని వెంటనే వైద్యాధికారి పరీక్షించాలని బీఎన్ఎస్ఎస్ 53వ సెక్షన్ చెబుతోంది. ఆ పరీక్ష చాలాచోట్ల గాయాలున్నాయా లేవా అన్నదాంతో ముగుస్తుంది. మొదటిసారి మెజిస్ట్రేటు ముందు పెట్టిన రోజే లాయరు ‘ఇతను మానసిక రోగి, సైకియాట్రిస్టుతో పరీక్ష చేయించండి’ అని నోటితో కాకుండా మెమో రూపంలో వేయాలి. పాత జబ్బు ఉందని తెలిసీ దర్యాప్తు అధికారి వైద్యపరీక్ష చేయించకపోతే అది ప్రాసిక్యూషన్ కేసులో తీవ్రమైన లోపమని, అనుమానపు ప్రయోజనం ముద్దాయికే దక్కాలని సుప్రీంకోర్టు 2007లో బాపు కేసులో చెప్పింది. 2018లో దేవిదాస్ రాథోడ్ కేసులో దాన్నే ఆధారం చేసుకుని ముద్దాయిని నిర్దోషిగా వదిలింది. ఆ మెమో లేకపోతే పోలీసులకు తెలుసని చూపడం కష్టం. ఈ సేవలో మాకు కనిపించే పెద్ద లోటు ఇక్కడే. రిమాండు రోజున వచ్చే లాయరు చేతికి కుటుంబం దగ్గరున్న చీట్లు అందవు, చీట్లు అందేసరికి మూడు వారాలు గడుస్తాయి. అరెస్టు కబురు తెలిసిన పూటే చీట్ల ఫోటోలు లాయరు ఫోనుకు పంపండి.

జైల్లో మందుల విషయం లాయర్లు అసలు పట్టించుకోరు, పట్టించుకోవాలి. ఏ మందు, ఎంత మోతాదు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నాడు అన్నది ఒక కాగితం మీద రాసి జైలు వైద్యాధికారికి చేరేలా చూడండి. క్లోజపిన్ వాడేవాళ్ల విషయంలో ఇది జరగకపోతే ప్రాణాపాయం. 48 గంటలు దాటి ఆ మందు ఆగిపోతే పాత మోతాదు ఒక్కసారిగా మళ్లీ ఇవ్వకూడదు. 12.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. లేదంటే బీపీ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. జైల్లో మానసిక రోగుల వార్డు లేకపోతే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు ముందస్తు అనుమతితో ఆస్పత్రికి మార్చవచ్చని 2017 చట్టం 103వ సెక్షన్ చెబుతోంది. దాని కోసం లాయరు చేత పిటిషన్ వేయించండి.

బెయిలు దగ్గర ఈ సేవ చక్కగా పనిచేస్తుంది. బీఎన్ఎస్ఎస్ 369 (పాత 330) ప్రకారం, విచారణను ఎదుర్కోలేని స్థితిలో ఉన్న ముద్దాయిని నాన్‌బెయిలబుల్ కేసులోనూ బెయిలుపై వదలాలి. షరతులు రెండు: ఆస్పత్రిలో ఉంచి వైద్యం చేయాల్సినంత జబ్బు కాకూడదు, బంధువో స్నేహితుడో క్రమంగా ఓపీ వైద్యం చేయిస్తామని, తనకూ ఇతరులకూ హాని జరగకుండా చూసుకుంటామని హామీ ఇవ్వాలి. ఆ హామీపత్రంలో దగ్గర్లోని సైకియాట్రీ ఓపీ ఏది, ఏ వారం తీసుకెళ్తారు, మందులు ఎవరి చేతిలో ఉంటాయి, ఇంట్లో రాత్రిపూట ఎవరుంటారు అన్నది వివరంగా రాయండి. ‘బాగా చూసుకుంటాం’ అని ఒక్క ముక్క రాసిన పిటిషన్లు కొట్టేస్తారు.

ఇంకో తలుపుంది, తట్టేవాళ్లు తక్కువ. ముద్దాయి తనను తాను సమర్థించుకోలేని స్థితిలో ఉన్నాడని తేలితే కోర్టు వెంటనే విచారణ వాయిదా వేయనక్కర్లేదు. అతన్ని ప్రశ్నించకుండానే, లాయరు వాదన విని, రికార్డు చూసి, ప్రాథమిక ఆధారాలే లేవనిపిస్తే కేసు నుంచి తప్పించాలి (డిశ్చార్జి). పుట్టుకతో బుద్ధిమాంద్యం ఉండి ఎప్పటికీ సమర్థించుకోలేడని తేలితే విచారణే మూసేయాలి. ఈ వాదన చేయకపోతే కేసు ‘నయమయ్యేదాకా’ వాయిదాల్లో ఉండిపోతుంది. అస్సాంలో మచాంగ్ లాలుంగ్ 1951లో అరెస్టయి, మధ్యలో తేజ్‌పూర్ మానసిక వైద్యశాలలో ఉండి, విచారణే జరగకుండా 2005లో బయటపడ్డాడు. 54 ఏళ్లు. 1967లోనే నయమైందని ఆస్పత్రి చెప్పింది.

విచారణలో న్యాయ సంహిత 22వ సెక్షన్ వాదన, అంటే ఆ నిమిషంలో మతిస్థిమితం లేదన్న వాదన, చివర్లో గుర్తొచ్చినట్టు రాకూడదు. ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి క్రాస్ (మన లాయరు అడిగే ఎదురు ప్రశ్నలు) నుంచే ఉండాలి. చంపాక పారిపోయాడా, కత్తి దాచాడా, కక్ష ఏదైనా ఉందా అని జడ్జి వెతుకుతారు. లేవని సాక్షి నోటనే చెప్పించాలి. జబ్బు ఉన్నంత మాత్రాన శిక్ష తప్పించుకోలేరని కోర్టులు పదేపదే చెప్పాయి, దహ్యాభాయ్ కూడా కేసు ఓడిపోయాడు. 2002లో శ్రీకాంత్ భోసలే కేసులో మాత్రం పారనాయిడ్ స్కిజోఫ్రీనియా చరిత్ర, వైద్య రికార్డులు, ఘటన తర్వాతి ప్రవర్తన అన్నీ కలిసి నిలబడి నిర్దోషిగా తేలింది. తాగిన మత్తు వేరు. తనంతట తాను తాగి చేసినదానికి ఈ రక్షణ లేదు.

గెలిచినా మనిషి ఇంటికి రాడన్న సంగతి కుటుంబాలకు తీర్పు రోజు దాకా తెలియదు, లాయరు ముందే చెప్పాలి. బీఎన్ఎస్ఎస్ 373వ సెక్షన్ ప్రకారం ఆ పని అతనే చేశాడా లేదా అన్నది తీర్పులో స్పష్టంగా రాయాలి. చేశాడని తేలితే 374 (పాత 335) కింద సురక్షిత కస్టడీకి పంపడమో, బంధువులకు అప్పగించడమో చేస్తారు. నేరం అతని మీద లేదని కోర్టే అన్నా తలుపు మళ్లీ మూసుకునే ప్రమాదం ఇక్కడే. అప్పగించాలంటే బంధువు దరఖాస్తు చేసుకోవాలి, పూచీకత్తు ఇవ్వాలి, పిలిచినప్పుడు చూపించాలి. ఎవరూ దరఖాస్తు చేయకపోతే ఆస్పత్రిలోనే ఏళ్లు గడుస్తాయి. అక్కడి నుంచి విడుదలకు హాని లేదన్న ధ్రువీకరణ, ఆ మీదట రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు కావాలి. తీర్పు రాగానే కేసు ముగిసిందని లాయరు ఫైలు కట్టేస్తారు కాబట్టి ఈ దశకు సంస్థ కార్యదర్శికి కొత్తగా మరో అర్జీ పెట్టాలి. ఊళ్లో చనిపోయినవాళ్ల కుటుంబం ఉంటే అక్కడికే తిరిగి తీసుకెళ్తామనొద్దు. వేరే ఊళ్లో ఉన్న అక్క ఇల్లో మేనమామ ఇల్లో చూసి, అక్కడి ఓపీ వివరాలతో, ఆ బంధువు సంతకంతో 374 దరఖాస్తు వాదనలు ముగిసే వాయిదాకే సిద్ధంగా ఉంచండి.