నాలుగు రిమోట్ల బదులు ఒక్కటి: ఏది మేలు?

హన్మకొండ చౌరస్తాలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపుకు పోయి "అన్నా, అన్నిటికీ పనిచేసే రిమోట్ ఉందా?" అని అడిగినా, ముందు చేతిలో పెట్టేది కోడ్ కొట్టుకునే యూనివర్సల్ రిమోటే. దానికి పైసలు ఇచ్చే ముందు ఇంట్లో చిన్న పరీక్ష ఒకటుంది. ఫోన్ సెల్ఫీ కెమెరా తెరిచి, ఒక్కో రిమోట్ మూతిని దాని ముందు పెట్టి బటన్ నొక్కండి. స్క్రీన్ మీద ఊదారంగు వెలుగు మినుకుమంటే అది ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనిపించని కాంతితో నడిచేది. వెలగకపోతే సెల్లులు అయిపోయి ఉండాలి, లేదా ఆ బటన్ బ్లూటూత్‌తో నడుస్తుండాలి. వెనక కెమెరాతో చూడొద్దు, చాలా ఫోన్లలో దానికి ఫిల్టర్ ఉండి ఆ వెలుగును ఆపేస్తుంది.

ఈ తేడా తెలియకనే ఎక్కువమంది పైసలు పోగొట్టుకుంటారు. టీవీకి తగిలించి సినిమాలు చూసే అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్‌కు ఇన్‌ఫ్రారెడ్ కన్నే లేదు. దాని రిమోట్‌లో పవర్, వాల్యూమ్ బటన్లు వెలిగేది టీవీ కోసం, సౌండ్‌బార్ కోసం. పైకీ కిందికీ జరిపే బటన్లన్నీ బ్లూటూత్. ఎంత ఖరీదైన ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ కొన్నా స్టిక్ కదలదు.

కోడ్ రిమోట్‌తో మొదలుపెడదాం. దాంతో వచ్చే కోడ్ల కాగితంలో మీ టీవీ కంపెనీ పేరు వెతికి, సెట్ బటన్ లైటు నిలకడగా వెలిగేదాకా నొక్కిపట్టి, మూడు నాలుగంకెల కోడ్ కొట్టాలి. పేరున్న కంపెనీ టీవీకి పవర్, వాల్యూమ్, సోర్స్ వచ్చేస్తాయి. మెనూ బటన్లు మాత్రం సగమే పలుకుతాయి. అసలు చిక్కు హోమ్ థియేటర్ దగ్గర. మన దగ్గర దొరికే 5.1 సెట్లు (ఐదు స్పీకర్లు, ఒక వూఫర్ ఉండేవి) చాలావాటికి బిళ్ల సెల్లు వేసే పల్చటి రిమోట్ వస్తుంది. ఆ సెట్ల కోడ్ సాధారణంగా కాగితంలో ఉండదు. అందుకే టీవీ ఒక్కదానికైతే దీన్ని కొనడం కంటే పాత రిమోట్ వెనకో, సెల్లుల మూత లోపలో ఉన్న నంబరు చూపించి అదే మోడల్ డూప్లికేట్ తెచ్చుకోవడం మేలు.

లర్నింగ్ రిమోట్ కథ వేరు. ఇది కోడ్ అడగదు, అసలు రిమోట్ దగ్గర నేర్చుకుంటుంది. కేబుల్, డీటీహెచ్ రిమోట్లు కొన్నింటిలో పైన గీత గీసి విడిగా ఉండే నాలుగైదు టీవీ బటన్లు కూడా ఇలా నేర్చుకునేవే. రెండు రిమోట్ల మూతులూ ఎదురెదురుగా, రెండు మూడు వేళ్ల దూరంలో బల్ల మీద పెట్టండి. కొత్తదాంట్లో సెట్ నొక్కిపట్టి, నేర్పాల్సిన బటన్ నొక్కి, తర్వాత పాతదాంట్లో అదే బటన్ ఒకసారి నొక్కాలి. లైటు మినుకుమంటే ఎక్కినట్టు. నేర్చుకోకపోతే కిటికీ ఎండ నుంచి దూరం జరపండి, పాత రిమోట్‌లో కొత్త సెల్లులు వేయండి. ఇంకా కాకపోతే ఫ్రీక్వెన్సీ తేడా కావచ్చు. ఎక్కువ రిమోట్లు 38 కిలోహెర్ట్జ్ మీద నడుస్తాయి, సోనీది 40. చౌక లర్నింగ్ రిమోట్లు ఈ తేడా దగ్గర తడబడతాయి, నేర్చుకున్నట్టే కనిపించి దూరం నుంచి పనిచేయవు.

దీనికి ఒక్కటే షరతు: నేర్పడానికి అసలు రిమోట్ బతికుండాలి. పోయిందంటే పక్కింట్లో అదే కంపెనీ రిమోట్ అడిగి తెచ్చుకోవాల్సిందే. ఏసీని మాత్రం దీనికి అప్పజెప్పొద్దు. ఏసీ రిమోట్ ఒక్క బటన్ నొక్కినా డిగ్రీలు, మోడ్, ఫ్యాన్ అన్నీ కలిపి ఒకే పొడుగు సందేశంగా పంపుతుంది. నేర్పిన బటన్ ఎప్పుడూ ఆ ఒక్క సెట్టింగే పంపుతుంది, చిన్న మెమరీ ఉన్నవాటిలో అదీ పూర్తిగా పట్టదు. రిమోట్ ఉన్న కూలర్లకు సాధారణంగా ఈ తిప్పలు ఉండవు.

ఏమీ కొనకుండా అయ్యే దారి హెచ్‌డీఎంఐ సీఈసీ, అంటే హెచ్‌డీఎంఐ కేబుల్ మీదనే పరికరాలు ఒకదానికొకటి ఆజ్ఞలు పంపుకునే ఏర్పాటు. శాంసంగ్ టీవీలో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రేవియా సింక్ అనే పేర్లతో సెట్టింగుల్లో దాగి ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే ఫైర్ స్టిక్ మెనూ కదులుతుంది, సౌండ్‌బార్ వాల్యూమ్ పెరుగుతుంది. సౌండ్‌బార్ కేబుల్ మాత్రం ఏఆర్‌సీ అని రాసి ఉన్న పోర్టులోనే పెట్టాలి. ఆప్టికల్ కేబుల్ శబ్దం మోస్తుంది కానీ ఈ ఆజ్ఞలు మోయదు. ఎరుపు, తెలుపు పిన్నుల పాత హోమ్ థియేటర్‌కు ఇది వర్తించదు.

ఇన్‌ఫ్రారెడ్ ఉన్న రెడ్‌మీ, పోకో ఫోన్లు ఏసీకి నిజంగా పనికొస్తాయి, యాప్‌లో ఏసీ కోడ్లు చాలానే ఉంటాయి. కానీ ఫోన్ మీ జేబులో బయటికి పోతే అవ్వ సీరియల్ ఎలా పెట్టుకోవాలి? వైఫై మీద ఫోన్ మాట విని ఇన్‌ఫ్రారెడ్ సిగ్నల్ పంపే వైఫై డబ్బా అయితే దాని యాప్ ఇంట్లో అందరి ఫోన్లలో ఉంటుంది. అయితే ఎక్కువవాటికి 2.4 గిగాహెర్ట్జే కావాలి, గదికొకటి కావాలి (కాంతి గోడ దాటదు కదా), కరెంటు పోయొస్తే రౌటర్ లేచేదాకా అది కూడా నిద్రే. లాజిటెక్ కంపెనీ హార్మొనీ అనే యూనివర్సల్ రిమోట్ ఊసు ఎత్తేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కంపెనీ 2021లోనే దాని తయారీ ఆపేసింది, పాతది కొనొద్దు.

అందుకే టీవీ, కేబుల్ డబ్బా, పాత 5.1 ఉన్న ఇంటికి లర్నింగ్ రిమోటే సరి. స్మార్ట్ టీవీ, స్టిక్, సౌండ్‌బార్ ఉంటే సీఈసీ చాలు. ఏసీ కూడా కలపాలంటేనే వైఫై డబ్బా. "ఒక్క బటన్‌తో అన్నీ ఆన్" అన్న మాటకు మాత్రం పడిపోకండి. ఎక్కువ పరికరాల్లో ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకటే సిగ్నల్, ముందే వెలిగి ఉన్నది ఆరిపోతుంది.

లర్నింగ్ రిమోట్ కొనేటప్పుడు పాతవి వెంట తీసుకుపోండి. షాపులోనే ఒక వాల్యూమ్ బటన్ నేర్పించి, సెల్లులు తీసి ఐదు నిమిషాలు పక్కన పెట్టించి, మళ్లీ వేసి సెల్ఫీ కెమెరా ముందు అదే బటన్ నొక్కండి. నేర్పింది మరిచి వెలగకుండా ఉంటే తిరిగి ఇచ్చేయండి. లేకుంటే సెల్లులు మార్చిన ప్రతిసారీ మళ్లీ మొదటినుంచి నేర్పాలి.