పార్కిన్సన్స్‌కి ‘మూలకారణం తీసేస్తాం’ ప్యాకేజీలు కొనేవాళ్లు జాగ్రత్త

నాన్నగారికి పార్కిన్సన్స్, అంటే చేతులు వణుకుతూ కదలికలు నెమ్మదించే మెదడు జబ్బు. "మందులు లక్షణాలను అణచిపెడతాయంతే, మేం మూలకారణాన్నే తీసేస్తాం" అన్న ఆన్‌లైన్ ప్రకటన చూసి అన్నయ్య ఒక ప్యాకేజీ తెప్పించాడు. అవే మాటలు ఇప్పుడు వేరే పేర్లతో తిరుగుతున్నాయి, అందుకే రాస్తున్నాను.

ముందు మూత్ర పరీక్ష అన్నారు. శాంపిల్ తీసే ముందు ఒక క్యాప్సూల్ మింగమన్నారు. రిపోర్టులో సీసం, పాదరసం అన్నీ ఎక్కువే. ఆ క్యాప్సూల్ పనే ఒంట్లో ఉన్న కాస్త లోహాన్నీ మూత్రంలోకి లాగడం! అది వేసుకుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ అంకెలు పెరుగుతాయి. వాటిని ఏ మందూ వేసుకోనివాళ్ల అంకెలతో పోల్చి "విషం పేరుకుంది" అని భయపెట్టారు.

అసలు ప్రమాదం పొడితో వచ్చింది. "పూర్తిగా మూలిక, మందు కాదు" అని అమ్మింది దూలగొండి గింజల పొడి. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. డాక్టర్ రాసే మాత్రలో ఉన్నదీ అదే మందు. డబ్బా మీద అది ఎంత ఉందో ఒక్క ముక్క లేదు. మాత్రలతో పాటు పొడి కూడా వేసుకునేసరికి నాన్నగారి మెడ, చేతులు వాటంతటవే మెలికలు తిరిగాయి, లేచి నిలబడితే కళ్లు తిరిగాయి. జబ్బు ముదిరిందేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఫోన్ చేస్తే "విషాలు బయటికి పోతున్నాయి, మాత్రలు ఇవాళే ఆపేయండి" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. లెవోడోపా ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. అదృష్టవశాత్తూ ఆపకముందే న్యూరాలజిస్ట్ డబ్బా చూసి, మాత్రలకు పొడి తోడై లెవోడోపా ఎక్కువైందని చెప్పారు.

ఈ జబ్బుకి చాలామందిలో ఫలానాదే కారణమని చూపించలేం. వయసు, కొన్ని జన్యుమార్పులు, పారాక్వాట్ లాంటి కలుపుమందులు, ఇలా చాలా వాటితో సంబంధం కనిపించింది. మాంగనీస్ పొగ ఏళ్లతరబడి పీల్చిన కార్మికులకు ఇలాంటి లక్షణాలు నిజంగానే వస్తాయి. ఆ పని చేసినవాళ్లు డాక్టర్‌కి తప్పక చెప్పాలి. ప్యాకేజీలో ఇచ్చిన కోఎంజైమ్ క్యూ10 అనే సప్లిమెంట్‌ని 600 మంది రోగులపై పరీక్షించారు, 2014లో వచ్చిన ఫలితాల్లో లాభమేమీ కనబడలేదు. వ్యాయామం, ఫిజియోథెరపీ మాత్రం నడకకు, బ్యాలెన్స్‌కు నిజంగా పనికొస్తాయి.

డబ్బులు వెనక్కివ్వలేదు. మీరు ఇప్పటికే అలాంటి పొడి వాడుతుంటే కంగారుపడి దాన్నీ ఒక్కసారిగా మానకండి. డబ్బా తీసుకెళ్లి న్యూరాలజిస్ట్‌కి చూపించి, ఎలా తగ్గించాలో అడగండి.