పాత కారు కొని, బాగుచేసి అమ్మడానికి: చెన్నై బండి మేలా, మన జిల్లా బండి మేలా?

ఉద్యోగమో సేద్యమో చేసుకుంటూ, అదనపు ఆదాయం కోసం పాత కారు కొని, బాగుచేయించి అమ్మాలనుకునేవాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. అదే మోడల్, అదే సంవత్సరం బండి అక్కడ తరచుగా తక్కువకే దొరుకుతుంది. ఎంచుకోవడానికి బళ్లూ ఎక్కువే. ఒంగోలు, కావలి, కందుకూరు వాళ్లకు కూడా అటువైపే మనసు లాగడంలో ఆశ్చర్యం లేదు.

బండి కండిషన్‌లో నాకు రెంటికీ పెద్ద తేడా కనిపించదు. చెన్నైలో 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను ఎన్నో కార్లను ముంచాయి. మనకూ 2021 నవంబరులో పెన్నా పొంగింది. అందుకే ఎక్కడ కొన్నా సీటు బెల్టును చివరిదాకా లాగి బురద మరక ఉందేమో చూడాలి. సీటు కింది బోల్టులు, స్టెప్నీ ఉండే గుంత, ఫ్యూజు బాక్సు తడిమి చూడాలి. కోట, వాకాడు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండినైతే ర్యాంపు ఎక్కించి అడుగుభాగం చూడకుండా అడ్వాన్సు ఇవ్వవద్దు. పైన పెయింటు నిగనిగలాడుతున్నా, ఉప్పునీటి తుప్పు కింద ఛాసిస్‌ను తినేసి ఉండవచ్చు. అలాంటప్పుడు టింకరింగ్‌కు, అంటే రేకు పనికి, అయ్యే ఖర్చు మొత్తం లాభాన్ని మింగేస్తుంది.

నా దృష్టిలో తేల్చేది కాగితాలు. ఇంకా సూటిగా చెప్పాలంటే, ఆ కాగితాల కోసం మన డబ్బు ఎన్నాళ్లు ఇరుక్కుపోతుందన్నది.

మన రాష్ట్రపు బండికి పేరు మార్పిడి కోసం ఫారం 29, ఫారం 30, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్సు కావాలి. బండి మీద తీసుకున్న అప్పు తీరి ఉంటే, రికార్డుల్లోంచి దాన్ని తీయించడానికి ఫారం 35, బ్యాంకు లేఖ కావాలి. నంబరు మారదు. తమిళనాడు బండికి ముందు అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ, అంటే నిరభ్యంతర పత్రం, రావాలి. అప్పు మిగిలి ఉన్నా, చలానాలు బాకీ ఉన్నా అది ఆగుతుంది. తర్వాత ఇక్కడ తనిఖీ, కొత్త నంబరు, లైఫ్ ట్యాక్స్ (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను). ఈ పన్నును మనం కొన్న ధర మీద లెక్కగట్టరు. బండి కొత్తగా ఉన్నప్పటి ధరనూ దాని వయసునూ బట్టి వేస్తారు. చెన్నైలో తగ్గిన ధర చూసి సంబరపడేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే. అక్కడ కట్టిన పన్నులో కొంత వాపసు అడగవచ్చు గానీ, చేతికి రాకముందే దాన్ని లాభంలో కలుపుకోకూడదు.

‘వేరే రాష్ట్రపు నంబరుతో పన్నెండు నెలలు తిరగవచ్చు కదా’ అంటారు. చట్టంలో ఆ గడువు ఉన్న మాట నిజమే. కానీ మన దగ్గర కొనేవాళ్లలో చాలామంది ఫైనాన్సు మీదే కొంటారు. టీఎన్ (తమిళనాడు) నంబరు చూడగానే ఫైనాన్సు వాళ్లు వెనకాడతారు. నగదు ఇచ్చేవాళ్లు ఆ నంబరు చూపించే బేరం తగ్గిస్తారు.

అంటే కొత్త నంబరు వచ్చేదాకా ఆగాల్సిందే. రెండు మూడు లక్షల పెట్టుబడితో దిగినవాళ్లకు ఆ ఆలస్యం చిన్నది కాదు. బండి నిలబడితే బ్యాటరీ దిగుతుంది, టైర్లు పాడవుతాయి. బజారు కూడా మారిపోవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది. కొత్తది చవకైతే పాతదాని ధర కూడా దిగక తప్పదు.

అందుకే మొదటి నాలుగైదు బళ్లూ మన జిల్లాలోనే, ఒకే యజమాని వాడినవే తీసుకోమని నా సలహా. ఒక్కో బండి మీద మిగిలేది తక్కువైనా, అదే డబ్బు ఏడాదిలో ఎక్కువసార్లు తిరుగుతుంది. అయితే ఒక జాగ్రత్త. ఖాళీ ఫారాల మీద సంతకాలు తీసుకుని, మధ్యలో మన పేరు లేకుండా అమ్మేసే పద్ధతికి పోవద్దు. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రవాణా శాఖ రికార్డుల్లో యజమానిగా ఎవరి పేరుంటే వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మనల్ని నమ్మి బండి ఇచ్చిన పాత యజమానిని ఆ చిక్కులో పడేయడం అన్యాయం. దీన్నే నిలకడగా వ్యాపారంగా చేయదలిస్తే 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం రవాణా శాఖ దగ్గర డీలరుగా నమోదు చేసుకోవాలి.

బ్యాంకులు జప్తు చేసి వేలం వేసే బళ్లలో ధర బాగుంటుంది, కానీ ఇంజను పూర్తిగా పరీక్షించే వీలు తక్కువ. సొంత మెకానిక్ ఉన్నవాళ్లకే అవి. ప్రమాదంలో నుజ్జయి ఇన్సూరెన్సు కంపెనీ వదిలేసిన బండి జోలికి అసలు పోవద్దు.

చెన్నై బండికి నేను సరే అనేది ఒక్క సందర్భంలో. ఇన్నోవా లాంటి గిరాకీ ఉన్న బండికి ఇక్కడ కొనేవాళ్లు ముందే సిద్ధంగా ఉండి, టీఎన్ నంబరు సంగతి తెలిసి అడ్వాన్సు ఇచ్చినప్పుడు. అప్పుడు కూడా ఎన్ఓసీ దరఖాస్తు అమ్మేవాళ్ల చేతే పెట్టించండి. అది చేతికి వచ్చేదాకా మిగతా సొమ్ము ఇవ్వకండి.